చుక్కలు, గీతలు, అమ్మమ్మ లాలిపాట

మా సంగీతం మాస్టారు నా నోటుపుస్తకంలో మొదట వేసినవి గీతలు. స్వరాలు ఆ తరువాత వచ్చాయి.

అది 1978వ సంవత్సరం. నాకు పదేళ్ళు. విజయనగరంలో మా వీధి చివరనున్న వారి ఇంటి అరుగు మీద, శ్రుతిపెట్టె పక్కన చాప పరుచుకుని కూర్చునేవాళ్ళం. అప్పటికి ఏడాదిగా సరళీస్వరాలు, జంటస్వరాలు, అలంకారాలు అనే తొలి పాఠాలన్నీ నోటితోనే నేర్చుకున్నాను. వారు పాడితే నేను తిరిగి పాడడం, తప్పితే మళ్ళీ పాడడం, అంతే. గీతాలు, అంటే మొదట నేర్పే చిన్న పాటలు, మొదలుపెట్టే రోజున ఆయన పొడుగు నోటుపుస్తకం ఒకటి తెమ్మన్నారు. రూళ్ళకర్ర ఆనించి ఎర్ర పెన్సిలుతో పేజీ అంతటా నిలువుగీతలు గీశారు. రెండక్షరాల చోటు విడిచి ఒక గీత, నాలుగక్షరాల చోటు విడిచి జంటగీత, మళ్ళీ రెండు, మళ్ళీ నాలుగు. "ఇది రూపకతాళం. ఇల్లు కట్టేను. ఇంక ఇందులోకి మనుషులు రావాలి" అన్నారు.

మొదటి గీతం అందరూ నేర్చుకునేదే, పురందరదాసు మలహరి రాగంలో కట్టిన ‘శ్రీ గణనాథ’. మొదటి గడిలో ‘మ ప’ అని రాసి దాని కింద ‘శ్రీ’ అని రాశారు. ఒకే అక్షరం రెండు స్వరాల మీద సాగుతుందన్న సంగతి ఆ క్షణం వరకు నేను గమనించలేదు. తరువాతి గడిలో ‘ద స స రి’ అని రాసి, ఆ రెండు స ల మీద, రి మీద ఒక్కొక్క చుక్క పెట్టారు. చుక్క పైన ఉంటే తారస్థాయి, కింద ఉంటే మంద్రస్థాయి, ఏ చుక్కా లేకపోతే మధ్యస్థాయి అని చెప్పి, ఇంటికి వెళ్ళి మొత్తం శుభ్రంగా ఎత్తిరాసుకుని రమ్మన్నారు.

మరునాడు నా ప్రతిలో ఆ రి మీద చుక్క పడలేదు. మాస్టారు చూసి ఏమీ అనకుండా, "రాసింది రాసినట్టు పాడు" అన్నారు. నాకు వరస ముందే వినికిడిలో ఉంది గనుక పై రిషభమే, అంటే పై రి నే, పాడాను. ఆయన ఆ అక్షరం మీద వేలు పెట్టి, "ఏటమ్మాయ్, అక్కడున్నది ఆ రి కాదు కదా, కళ్ళతో చూసి పాడు" అన్నారు. పై షడ్జం (స) దాకా ఎక్కి అక్కడి నుంచి ఒక్కసారిగా కింది రిషభానికి దిగితే, మెట్లెక్కుతున్న మనిషి కాలు జారినట్టయింది గీతం. ఆయన నా చేతికే పెన్సిలిచ్చి ఆ చుక్క నాతోనే పెట్టించారు. ఆవగింజంత చుక్కకు ఏడు స్వరాల ఎత్తు ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది. ఈనాటికీ ఎవరి స్వరాల రాత, అదే నొటేషన్, చూసినా నా కన్ను ముందు చుక్కల మీదికే పోతుంది.

ఆ గీతం పూర్తిగా వచ్చిన తరువాత మాస్టారు ఒక సాయంత్రం పుస్తకం నా ఒళ్ళో పెట్టి, "ఇందులో ఏ అక్షరం లేదో చూసి చెప్పమ్మాయ్" అని అడిగారు. పది పదిహేను రోజులుగా పొద్దున్నా సాయంత్రం పాడుతున్న పాట అది. అయినా నాకు తెలియలేదు. పేజీ మీద వేలు పెట్టి ఒక్కొక్క గడీ దాటుకుంటూ వెళ్ళాక, ‘ని’ ఎక్కడా లేదని కనిపించింది. "సరే, మరి గ ఎక్కడుంది?" అన్నారు. దిగేటప్పుడు ‘ద ప మ గ రి స’ అని ఉంది. ఎక్కేటప్పుడు రి నుంచి నేరుగా మ కు వెళ్ళి ‘రి మ ప ద’ అయింది. "మలహరి అంటే అదే. నీ చెవి ఇన్నాళ్ళూ ఆ దారిలోనే నడిచింది. ఇవాళ కన్ను ఆ దారి చూసింది" అన్నారు.

నొటేషన్ చదవడం వల్ల ప్రయోజనం ఏమిటని నన్ను ఎవరైనా అడిగినప్పుడు నాకు ముందుగా ఆ సాయంత్రమే గుర్తుకు వస్తుంది. పాడేటప్పుడు స్వరం వచ్చి వెళ్ళిపోతుంది, దాన్ని పట్టుకుని పరిశీలించే వ్యవధి ఉండదు. కాగితం మీద అది కదలకుండా నిలబడుతుంది. ఏది ఉందో ఏది లేదో, ఏ పలుకు తిరిగి తిరిగి వస్తున్నదో, సాహిత్యంలో ఏ అక్షరం తాళంలో ఏ దెబ్బ మీద పడుతున్నదో నిదానంగా చూసుకోవచ్చు. అలా ఒకసారి చూసిన తరువాత చెవి కూడా మునుపటిలా ఉండదు. ఆ మరుసటి వారం మాస్టారి వయొలిన్ మీద ఇంకో రాగం విన్నప్పుడు నిషాదం, అదే ని, వస్తుందా రాదా అని నా చెవి తనంతట తానే ఎదురుచూసింది.

మన స్వరలిపి తెలుగు చదువుకున్నవాళ్ళకు సగం వచ్చినట్టే ఉంటుంది. ‘స’ అంటే ఒక అక్షరకాలం, అంటే తాళంలో ఒక చిన్న లెక్క. దీర్ఘం ఇచ్చి ‘సా’ అంటే రెండు. బడిలో పద్యానికి గురులఘువులు గుర్తించిన పిల్లకు దాన్ని ప్రత్యేకంగా నేర్పనక్కరలేదు. స్వరం ఇంకా సాగితే పక్కన కామా పెడతారు, దానికి ఒక అక్షరకాలం, సెమికోలన్‌కు రెండు. స్వరాల నెత్తిన అడ్డగీత గీస్తే వేగం రెట్టింపు, రెండు గీతలు గీస్తే దానికి రెట్టింపు. తాళంలో ఒక భాగం (తాళాంగం) ముగిసిన చోట నిలువుగీత, తాళం ఒక చుట్టు (ఆవర్తం) ముగిసిన చోట జంటగీత. సామగ్రి అంతా ఇంతే. అక్షరాలు వచ్చిన పిల్ల రెండు వారాల్లో ఆనవాలు పట్టగలదు. చూసిన వెంటనే గొంతులో పలికించడానికి మాత్రం ఏళ్ళు పడుతుంది. అది ఎవరికివారు సాధన చేసి తెచ్చుకోవలసిందే.

మాస్టారు విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకున్నవారు. 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులుగా మొదలైన కళాశాల అది. ద్వారం వెంకటస్వామినాయుడు గారు అక్కడ వయొలిన్ నేర్పారు, తరువాత అధ్యక్షులూ అయ్యారు. అటువంటి చోట చదువుకుని కూడా మా మాస్టారు కాగితాన్ని ఎంత గౌరవించేవారో అంత అదుపులోనూ ఉంచేవారు. గీతాల కంటే పెద్దవైన వర్ణాలు మొదలైన రోజుల్లో నాకు కొంచెం గర్వం వచ్చింది. ఆయన చెప్పకముందే ఒక తోడి వర్ణం పుస్తకంలో చూసి ఇంట్లో సొంతంగా పాడుకుని, మెప్పు కోసం ఆయన ముందు పాడాను. ఆయన ‘గ’ అనే ఒక్క అక్షరం మీద నన్ను ఆపి, ముందు శంకరాభరణంలో గాంధారం, అంటే ఆ గ, వాయించి చూపించారు, అది నిలకడగా నిలబడింది. తరువాత తోడి గాంధారం వాయించారు. వేలు తీగ మీద అటు రిషభాన్నీ ఇటు మధ్యమాన్నీ తాకుతున్నట్టు ఊగుతోంది, ఆ ఊగులోనే తోడి ఉంది. నేను దాన్ని మేకు కొట్టినట్టు నిలబెట్టి పాడాను. రెండింటినీ కాగితం మీద ‘గ’ అనే రాస్తారు. ఏ గాంధారమో రాగం పేరు చెబుతుంది గాని, అది ఎలా పలకాలో వినే నేర్చుకోవాలి.

అది విన్నాక నాకు నొటేషన్ మీద నమ్మకం తగ్గినట్టయింది. అది గమనించే కాబోలు, ఒకరోజు ఆయన ఎవరి దగ్గరనో అరువు తెచ్చిన లావుపాటి పాత సంపుటం నా ముందు విప్పారు. సంగీత సంప్రదాయ ప్రదర్శిని అది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులకు దౌహిత్రుడై, ఆయనకే దత్తుడైన సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో అచ్చువేయించిన గ్రంథం. చిన్నస్వామి మొదలియారు అనే ఆయన మన కృతులను పాశ్చాత్య స్వరలిపిలో ప్రకటించే పనికి పూనుకుని, ఆ సందర్భంలో సుబ్బరామ దీక్షితుల దగ్గరున్న నిధి ఎంతటిదో గ్రహించి, ఆయన చేత ఈ గ్రంథం రాయించడానికి పట్టుబట్టారట. అందులో స్వరాల మీద, వాటిని ఊపో జార్చో పలికే తీరులను (గమకాలను) చెప్పే, నేను ఎన్నడూ చూడని గుర్తులున్నాయి. కంపితానికి అలలాంటి గీత, జారుకు వాలుగీత, స్ఫురితానికి మూడు చుక్కలు, ఇంకా అటువంటివెన్నో. కాగితం చెప్పలేదని మనం అనుకునేదాన్ని కూడా వీలైనంత దగ్గరగా చెప్పించాలని ఒక వృద్ధుడు పడిన తపన ఆ పేజీల నిండా కనిపిస్తుంది. ఆ గ్రంథం వెలువడిన రెండేళ్ళకు, 1906లో ఆయన పోయారు.

ఇంకొక సంగతి నన్ను మరీ కదిలించింది. దూర దక్షిణాన తమిళదేశంలో అచ్చయిన ఆ పుస్తకం మొత్తం తెలుగు లిపిలో ఉంది. అంతకుముందు మద్రాసులో తచ్చూరు సింగరాచార్యుల సోదరులు వేసిన స్వరసహిత గ్రంథాలు కూడా తెలుగు అక్షరాల్లోనే వచ్చాయి. మనం బడిలో పలకమీద దిద్దిన అక్షరాలే అంతటి సంపదను మోశాయని తెలిసినప్పుడు కలిగిన సంతోషం నాకు ఇప్పటికీ తగ్గలేదు. ఇప్పటి పిల్లలు తెలుగు చదవడం రాక, ఆ స్వరాలను ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చుకుని చదువుతుంటే నా మనసు చివుక్కుమంటుంది.

మా అమ్మ సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. అమ్మ పెళ్ళికి ముందు నాలుగేళ్ళు సంగీతం నేర్చుకుందని నాకు తెలుసు గాని, ఇంట్లో ఆవిడ పాడగా నేను వినలేదు. పెళ్ళయి వచ్చాక గురువు లేరు, తీరిక లేదు, అడిగేవాళ్ళూ లేరు. నేను వర్ణాలకు వచ్చిన ఏడాది ఒక మధ్యాహ్నం, వంటింటి గుమ్మంలో అమ్మ కూర్చుని ఉంది. ఒళ్ళో అట్ట ఊడిపోయిన పుస్తకం ఉంది, కుడిచెయ్యి తొడ మీద తాళం వేస్తోంది. నీలంసిరా వెలిసిపోయిన ఆ పేజీలు చూసి, మోహనరాగ వర్ణం ఒక్కొక్క ఆవర్తమే కూడబలుక్కుని పాడుకుంటోంది. పల్లవి దగ్గర తడబడింది, ముక్తాయిస్వరం దగ్గర తేరుకుంది, చరణానికి వచ్చేసరికి గొంతు విచ్చుకుంది. దాదాపు ఇరవై ఏళ్ళు నోరు మరిచిపోయినదాన్ని పుస్తకం తిరిగి ఇచ్చింది. పెళ్ళితోనో, బదిలీలతోనో, సంసారంతోనో పాట ఆగిపోయిన ఆడవాళ్ళు మన ఇళ్ళల్లో ఎందరో ఉన్నారు. గురువు వెంట రాలేరు, పుస్తకం పెట్టెలో పెట్టుకుంటే వెంట వస్తుంది. పుస్తకం చూసి పాడేది కూడా పాటేనా అని చిన్నచూపు చూసే పెద్దలు నాకు ఎదురుపడినప్పుడల్లా, వంటింటి గుమ్మంలో కూర్చున్న అమ్మే నా కళ్ళ ముందు నిలుస్తుంది.

ఇక అమ్మమ్మ లాలిపాట. 1985 వేసవిలో మా మామయ్యకు కూతురు పుట్టింది. బొబ్బిలి దగ్గరి పల్లెలో అమ్మమ్మగారింట్లో, దూలానికి చీరతో కట్టిన ఊయలలో పిల్లను పడుకోబెట్టి, కింద కూర్చుని తాడు లాగుతూ అమ్మమ్మ లాలి పాడేది. వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్న పాటట అది. నాకు తెలిసినంతలో ఏ పుస్తకంలోనూ లేదు. అమ్మమ్మకు సరిగమలు తెలియవు, ఆనందభైరవి అన్న రాగం పేరూ తెలియదు. ఆ పాట మాత్రం ఆనందభైరవిలోనే ఉందని నాకు మొదటి చరణానికే తెలిసిపోయింది. దాన్ని రాసిపెట్టాలని మనసయింది.

అనుకున్నంత సులువు కాలేదు. అమ్మమ్మను కుర్చీలో కూర్చోబెట్టి పాడమంటే లెక్క తప్పేది. ఒకసారి పాడినట్టు ఇంకోసారి పాడేది కాదు, పాదం చివర ఎంతసేపు ఆగాలో తేలేది కాదు. రెండు రోజులు రబ్బరు అరగదీశాక, పిల్ల నిద్రకు ఏడ్చినప్పుడు పక్కన కూర్చుని విన్నాను. ఊయల తాడు చేతిలోకి వచ్చేసరికి తాళం గడియారంలా నడిచింది. ప్రతి పాదం చివరా గొంతు ఆగడం, తాడు వెనక్కి లాగడం, ఊయల తిరిగి వచ్చాక మళ్ళీ అందుకోవడం. ఆదితాళానికి వేసుకుని చూస్తే ఆ విరామం సరిగ్గా ఒక దెబ్బ, నాలుగు అక్షరకాలాలు. అక్కడ రెండు సెమికోలన్లు రాశాను. అమ్మమ్మ తాళం ఊయలలో ఉంది.

రెండో చరణంలో ఇంకో చిక్కు వచ్చింది. ఒకచోట ఆవిడ గాంధారం నేను నేర్చుకున్న ఆనందభైరవి గాంధారం కంటే ఎత్తున పలికేది. అది ఆ రాగంలో మామూలుగా ఉండే సాధారణ గాంధారం కాక, దానికంటే ఒక మెట్టు పైనుండే అంతర గాంధారంలా వినిపించింది. పెద్దవయసులో గొంతు కాస్త జారి ఉంటుందిలే అనుకుని, పుస్తకంలో చెప్పిన గాంధారమే రాసుకుని విజయనగరం తిరిగొచ్చాను. మాస్టారికి చూపిస్తూ ఆ మాట కూడా చెప్పాను. ఆయన పెన్సిలు పక్కన పెట్టి, "ప్రతిసారీ అక్కడే ఎత్తున పలికిందా?" అని అడిగారు. అవునన్నాను. "అయితే గొంతు జారలేదు. ఆనందభైరవి భాషాంగ రాగం, అన్యస్వరాలకు, అంటే బయటి స్వరాలకు, అందులో చోటుంది. పాతవాళ్ళు అంతర గాంధారం పలికించేవారు. మీ అమ్మమ్మ పాడింది రాయి, నీకు తెలిసింది రాయకు" అన్నారు. నేను సిగ్గుపడి, ఆయన ముందే అక్కడ చెరిపి, అంతర గాంధారానికి గుర్తుగా ‘గ’ పక్కన చిన్నగా 3 వేసి, ఎవరూ అచ్చుతప్పని అనుకోకుండా చుట్టూ గుండ్రంగా గీశాను. మిగతా పాటంతా సరిగ్గా రాసినా, ఆ ఒక్క గాంధారాన్ని పోగొట్టి ఉంటే అమ్మమ్మకు అన్యాయం చేసినదాన్నయ్యేదాన్ని.

అదే వేసవిలో మామయ్య టేప్‌రికార్డరులో ఆ పాటను ఒక క్యాసెట్టు మీద పట్టాడు. అమ్మమ్మ 1991లో పోయింది. కొన్నేళ్ళకు ఆ క్యాసెట్టు వేసి చూస్తే బూజుపట్టి, టేపు చుట్టుకుపోయి తెగింది. ఆవిడ గొంతు మాకు దక్కలేదు. అందుకు ఇప్పటికీ బాధపడతాను, కాగితం ఆ లోటు తీర్చిందని అనలేను. వరస మాత్రం దక్కింది.

వరస దక్కకపోతే ఏమవుతుందో తెలుగువాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. తాళ్ళపాక అన్నమాచార్యుల కీర్తనలు రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండారంలో భద్రపరిచారు. 1922లో అవి మళ్ళీ వెలుగు చూశాయి. ముప్పైరెండు వేల కీర్తనలు రచించారని చెబుతారు, మనకు దొరికినవి పన్నెండు వేల పైచిలుకు. ప్రతి కీర్తనకూ రాగం పేరు చెక్కి ఉంది. ఆయన ఏ వరసలో పాడారో మాత్రం లేదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు, నేదునూరి కృష్ణమూర్తి గారు వంటి మహానుభావులు కొత్తగా స్వరపరిచారు గనుక ఇవాళ ఆ సాహిత్యం మన నోళ్ళలో ఉంది. వారికి ఎంత రుణపడ్డా తక్కువే. అయినా అంత మన్నికగల రాగి మీద, అంత శ్రద్ధగా చెక్కించిన చోట, సాహిత్యం పైన ఒక్క వరుస స్వరాలు కూడా ఉండి ఉంటే అన్న ఆలోచన తిరుమల వెళ్ళిన ప్రతిసారీ నన్ను వదలదు. త్యాగరాజస్వామి కృతులు ఉమయాళ్‌పురం, తిల్లైస్థానం, వాలాజాపేట శిష్యపరంపరల్లో వేరువేరు పాఠాంతరాలతో వచ్చాయి. రాసి ఉంచుకున్నవాళ్ళు ఉన్నందువల్లనే వాటిని పక్కపక్కన పెట్టి పోల్చి చూడగలుగుతున్నాం.

మా మాస్టారు ఇప్పుడు లేరు. ఆ నోటుపుస్తకం నా దగ్గర ఉంది. ఆయన ఎర్ర పెన్సిలు గీతలు గులాబీరంగుకు తిరిగాయి. ఊయలలో ఏడ్చిన మామయ్య కూతురు ఇప్పుడు న్యూజెర్సీలో ఉంటుంది. ఆమె కూతురికి తొమ్మిదేళ్ళు, అక్కడే సంగీతం నేర్చుకుంటోంది, ఇంట్లో తెలుగు అక్షరాలూ నేర్చుకుంది. కిందటి దసరాకు, "వదినా, మా నాయనమ్మ పాట నీ దగ్గర రాసి ఉందట కదా" అని మరదలు అడిగితే, ఆ రెండు పేజీలూ ఫోనుతో ఫొటో తీసి పంపాను.

వారం తరువాత పిల్ల వీడియోలో కనిపించింది. ముందు, "అత్తయ్యా, ఈ గ చుట్టూ రౌండు ఎందుకుంది?" అని అడిగింది. నేను రెండు గాంధారాలూ పాడి చూపించాను. ఒకటికి నాలుగుసార్లు నాతో పాటు పాడి, చివరికి ఆ ఎత్తు పట్టుకుంది. తరువాత కాగితం గోడకు ఆనించుకుని, తొడ మీద తాళం వేస్తూ మొదటి నుంచి పాడింది. ఆ ఇంట్లో ఊయల లేదు. ఆ పిల్ల మా అమ్మమ్మను చూడలేదు. మొదటి పాదం చివర రెండు సెమికోలన్లు వచ్చాయి. ఆగింది, పెదవులు కదపకుండా నాలుగు లెక్కపెట్టింది, రెండో పాదం అందుకుంది. తాడు వెనక్కి లాగి, ఊయల తిరిగి వచ్చేదాకా అమ్మమ్మ సరిగ్గా అంతసేపే ఆగేది.